ఉల్లి మండీ లెక్కల్లో రాము, రామ్ ఒకరైపోయిన కేసు

నేపథ్యం

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి వ్యాపారం చేసే ఒక కమీషన్ కొట్టు. ఖరీఫ్ ఉల్లి దిగే రోజుల్లో గోనెగండ్ల, కోడుమూరు, సి.బెళగల్, దేవనకొండ వైపు నుంచి రైతులు సరుకు తెస్తారు. కాటా అయ్యాక ఒక్కో లాటుకు ఒక్కో పట్టీ రాస్తారు. అందులో తేదీ, రైతు పేరు, ఊరు, బస్తాలు, క్వింటాళ్లు, ధర ఉంటాయి. ఒకే రైతు రెండు మూడు లాట్లు తెస్తే సాయంత్రం అన్నీ కలిపి, హమాలీ, కమీషన్ పోను ఎంత రావాలో తేల్చి దుడ్లు ఇస్తారు. రాత్రి బండికే రైతు ఊరికి తిరిగి వెళ్లాలి, కాబట్టి లెక్క ఆ పూటకే తేలాలి.

ఈ కలిపే పనికి ఒక పైథాన్ స్క్రిప్టు (పైథాన్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాం) ఉంది, 170 వరుసలు. యజమాని బంధువుల పిల్లవాడు చదువుకునే రోజుల్లో రాసిచ్చి, తర్వాత ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లిపోయాడు. పట్టీలు రెండు చోట్ల ఎక్కుతాయి. కాటా దగ్గరి గుమాస్తా ఫోన్‌లో గూగుల్ షీట్‌లో కొడతాడు, కొట్టులోని గుమాస్తా విండోస్ కంప్యూటర్‌లో ఎక్సెల్‌లో కొడతాడు. సాయంత్రం రెండింటినీ సీఎస్‌వీ ఫైళ్లుగా (గడుల మధ్య కామాలు పెట్టిన మామూలు అక్షరాల ఫైళ్లు) ఒక ఫోల్డర్‌లో పెడితే స్క్రిప్టు రైతువారీ జాబితా ఇస్తుంది. ఇక్కడ పేర్లు, అంకెలు మార్చి రాస్తున్నాను. తేడాలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయన్నది మాత్రం ఉన్నది ఉన్నట్టే.

వచ్చిన సమస్య

పాత కంప్యూటర్ పోయి కొత్తది వచ్చింది. ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకున్నారు, పైథాన్ వేసుకున్నారు, స్క్రిప్టు నడిపితే మొదటి ఫైలు దగ్గరే ఆగిపోయింది. "నిన్నటిదాకా బాగా ఆడింది గదన్నా" అన్నది గుమాస్తా మాట. "ఆ ఎర్రర్ రాకుండా చేయప్పా, రాత్రికి రైతులకు దుడ్లిచ్చి పంపాల" అన్నది యజమాని మాట.

ఇది కాక ఇంకో రెండు ఫిర్యాదులు పాతవే ఉన్నాయి. కొందరు రైతులు తమ లాటు ఒకటి లెక్కలోకి రాలేదని గొడవ పడుతున్నారు. కొందరికి చేతి లెక్కకూ కంప్యూటర్ లెక్కకూ ఒక్క రూపాయి తేడా వస్తోంది, అందరికీ కాదు, రోజూ కాదు. రూపాయే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఎర్రర్ వచ్చింది కాబట్టి మనిషిని పిలిచారు. ఎర్రర్ లేకుండా తప్పుతున్న ఆ రెండు ఫిర్యాదులు మాత్రం సీజను మొదటి నుంచీ నడుస్తున్నాయి.

ముందు చేసిన వైద్యం

పిలవడానికి ముందే, ఎవరో ఫోన్‌లో చెప్పగా గుమాస్తా ఒక మార్పు చేశాడు. ఫైలు తెరిచే ఓపెన్ ఫంక్షన్‌లో ఎర్రర్స్ అనే ఆర్గ్యుమెంట్‌కు ఇగ్నోర్ అని పెట్టాడు. స్క్రిప్టు ఆగడం మానేసింది, జాబితా వచ్చింది. ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలకు బదులు టోపీ పెట్టిన ఇంగ్లీషు అక్షరాలు, డిగ్రీ గుర్తులు కనబడ్డాయి. ఫాంటు తప్పనుకుని, ఆ పూట పేర్లు పట్టీల్లో చూసుకుంటూ చెల్లింపులు చేశారు.

అక్కడ ఏం జరిగిందో కాస్త నిదానంగా చూడాలి, ఈ కేసులో అన్నింటికన్నా ప్రమాదకరమైనది అదే.

మొదట వచ్చిన ఎర్రర్ ఏమంటే: చార్‌మ్యాప్ కోడెక్ (బైట్లను అక్షరాలుగా మార్చేది) 27వ స్థానంలో హెక్సా (పదహారు అంకెల పద్ధతి) 81 అనే బైట్‌ను చదవలేకపోయింది. ఎక్సెల్ నుంచి సీఎస్‌వీ యూటీఎఫ్-8గా (తెలుగుతో సహా అన్ని లిపులనూ బైట్లుగా రాసే పద్ధతి) దాచిన ఫైలు మొదట్లో మూడు బైట్ల గుర్తు ఉంటుంది, దాన్నే బామ్ అంటారు. మొదటి వరుసలో శీర్షికలు తేదీ, రైతు, ఊరు అని ఉన్నాయి. తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు. తేదీకి నాలుగు గుర్తులు, అంటే 12 బైట్లు. తర్వాత కామా ఒకటి. రైతులో ర, ఐత్వం, త కలిపి తొమ్మిది. ఇంతవరకు 25. ఆ తర్వాతిది కొమ్ము. అది ఈ0, బీ1, 81 అనే మూడు బైట్లు. సున్నా నుంచి లెక్కపెడితే ఆ 81 సరిగ్గా 27వ స్థానంలో పడుతుంది. అంటే ఫైలు పాడవలేదు. 'రైతు' అన్న మాటలోని కొమ్ము దగ్గరే పైథాన్ ఆగింది.

ఎందుకు ఆగిందంటే, విండోస్‌లో ఓపెన్‌కు ఎన్‌కోడింగ్ చెప్పకపోతే పైథాన్ సిస్టమ్ కోడ్ పేజీ, అంటే ఏ బైట్‌కు ఏ అక్షరమో చెప్పే పట్టిక, తీసుకుంటుంది. మన దగ్గర ఎక్కువ కంప్యూటర్లలో అది విండోస్-1252. ఆ పట్టికలో ఐదు బైట్లకు అక్షరమే లేదు: 81, 8డి, 8ఎఫ్, 90, 9డి. తెలుగులో కొమ్ము చివరి బైట్ 81. పొల్లు చివరి బైట్ 8డి, వత్తుల్లో ఉండేది కూడా ఆ పొల్లే. కొమ్మూ పొల్లూ లేని తెలుగు వరుస దొరకడం కష్టం, అందుకే తెలుగు ఫైలు ఈ దారిలో చదివితే దాదాపు ఎప్పుడూ ఆగుతుంది. ఏ, ఐ, ఝ అక్షరాలదీ ఇదే గతి.

ఇప్పుడు ఇగ్నోర్ పెడితే ఏమవుతుందో చూడండి. 'రాము' చివర ఈ0 బీ1 81 ఉంటుంది, 'రామ్' చివర ఈ0 బీ1 8డి ఉంటుంది. చివరి బైట్ రెండింట్లోనూ పట్టికలో లేనిదే. ఇగ్నోర్ రెండింటినీ పారేస్తుంది. మిగిలినది అచ్చంగా ఒకటే. స్క్రిప్టు పేరునే డిక్షనరీ కీగా (ఖాతాను వెతికే గుర్తుగా) వాడుతోంది కాబట్టి రాము లాట్లూ రామ్ లాట్లూ ఒకే ఖాతాలో పడ్డాయి. వీళ్లిద్దరూ వేరు వేరు రైతులు. ఒకరికి రెట్టింపు వచ్చేది, ఇంకొకరి పేరే జాబితాలో ఉండేది కాదు. ఆ పూట గుమాస్తా పట్టీలు చేతిలో పట్టుకుని చెల్లించాడు కాబట్టి నష్టం తప్పింది.

పాత కంప్యూటర్‌లో ఇదంతా ఎందుకు రాలేదన్నది మిగిలింది. స్క్రిప్టు రాసిన పిల్లవాడు అందులో పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1గా పెట్టాడు. పైథాన్ 3.7 నుంచి ఆ సదుపాయం ఉంది. అది పెడితే ఎన్‌కోడింగ్ చెప్పని ఓపెన్ కూడా యూటీఎఫ్-8గా చదువుతుంది. కానీ ఆ అమరిక ఉండేది కంప్యూటర్‌లో. ఫోల్డర్ కాపీ చేస్తే వెంట రాదు. కొత్త యంత్రంలోనూ ఆ వేరియబుల్ పెడితే ఐదు నిమిషాల్లో పని అయిపోయేది. ఆ దారి వద్దనుకోవడానికి కారణం, మూడో కంప్యూటర్ వచ్చిన రోజు మళ్లీ ఇదే కథ. ఫైలు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందన్న సంగతి స్క్రిప్టులోనే రాసి ఉండాలి.

ముందు ఒక రోజును పట్టుకోవడం

ఏ వరుసా మార్చకముందే ఒక రోజు ఫైళ్లను, ఆ రోజు కాగితపు పట్టీలను పక్కన పెట్టించాం. కాగితం మీద 146 పట్టీలు. వాటిలో మూడు రద్దయినవి, పట్టీ నంబర్లు 41, 42, 97. అంటే లెక్కలోకి 143 రావాలి. ఖాతాలు చేత్తో లెక్కపెడితే 118 మంది రైతులు. ఈ రెండు అంకెలను, కాటా పుస్తకంలోని మొత్తం క్వింటాళ్లను గీటురాయిగా పెట్టుకున్నాం. రోజూ కొత్త డేటాతో పరీక్షిస్తే ఫలితం మారింది మన సవరణ వల్లా, డేటా వల్లా అన్నది తెలియదు.

స్క్రిప్టు కలిపిన వరుసలను ప్రింట్ చేయిస్తే 133 వచ్చాయి. 143కు పది తక్కువ. పది వరుసల కోసం వెతుకులాట మొదలుపెడితే తొమ్మిది దాకా సులభంగా దొరికేవి, తర్వాత పదోదీ దొరికేది, అక్కడితో ఆగిపోయేవాళ్లం. నిజానికి పోయినవి 11, అదనంగా చేరింది 1. తేడా అంకెను నమ్మకుండా పట్టీ నంబర్ల రెండు జాబితాలు తీసి, సెట్లుగా మార్చి, ఇందులో ఉండి అందులో లేనివి, అందులో ఉండి ఇందులో లేనివి విడివిడిగా చూసినందువల్లే ఇది బయటపడింది.

అదనంగా చేరిన ఒకటి

చేరింది రద్దయిన 42వ పట్టీ. స్క్రిప్టులో రద్దు వరుసలను తీసేసే భాగం ఇలా ఉంది: వరుసల లిస్టు మీద ఫర్ లూప్ తిరుగుతూ, రద్దు అని కనబడితే అదే లిస్టు నుంచి రిమూవ్ చేస్తోంది. లూప్ లోపల ఒక స్థాన సంఖ్య నడుస్తుంది. 41ని తీసేయగానే 42 ఒక గడి ముందుకు జరిగి 41 ఉన్న చోటికి వస్తుంది. లూప్ మాత్రం తర్వాతి గడికి వెళ్లిపోతుంది. 42ను ఎవరూ చూడరు. 97 ఒంటరిగా ఉంది కాబట్టి సరిగ్గా పోయింది. రద్దు పట్టీలు పక్కపక్కన పడిన రోజే ఈ తప్పు కనబడుతుంది, అందుకే సీజనంతా దాక్కుంది. తిరుగుతున్న లిస్టును కదిలించకుండా, రద్దు కాని వరుసలతో లిస్ట్ కాంప్రెహెన్షన్ ద్వారా కొత్త లిస్టు కట్టడంతో ఇది పోయింది.

పోయిన పదకొండు

పోయిన 11 వరుసలూ కొట్టులోని ఎక్సెల్ ఫైలువే. అన్నింట్లో ధర వెయ్యి రూపాయలు, ఆపైన. ఎక్సెల్‌లో ధర గడులకు కామా ఫార్మాట్ పెట్టి ఉంది. సీఎస్‌వీగా దాచినప్పుడు గడిలో కనబడేదే ఫైలులోకి వెళ్తుంది, కాబట్టి 1200 కాస్తా కొటేషన్ గుర్తుల మధ్య 1,200 అయింది. స్క్రిప్టు ప్రతి వరుసనూ కామా దగ్గర స్ప్లిట్ చేస్తోంది. కొటేషన్ లోపలి కామాకూ బయటి కామాకూ దానికి తేడా తెలియదు. ధర గడిలో కొటేషన్ గుర్తూ 1 మిగిలాయి. దాన్ని ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) మార్చబోతే వాల్యూఎర్రర్. ఆ ఎర్రర్ పైకి ఎందుకు రాలేదంటే, లూప్ లోపల ఒక ట్రై ఉంది, కింద పేరు లేని ఎక్సెప్ట్ (ఏ ఎర్రర్ వచ్చినా పట్టేది) ఉంది, అందులో కంటిన్యూ (తర్వాతి వరుసకు వెళ్లు) అని ఒకే మాట ఉంది.

ధర ఎనిమిది వందలు, తొమ్మిది వందలు నడిచినంత కాలం ఈ స్క్రిప్టు ఒప్పుగానే పనిచేసింది. ధర పెరిగిన రోజున, అదీ మేలురకం సరుకు తెచ్చిన రైతుల లాట్లే మాయమయ్యాయి. అంటే ఎక్కువ డబ్బు రావాల్సినవాళ్ల లాట్లు. ఆ రైతులు గొడవ పడిన ప్రతిసారీ వాళ్ల మాటే నిజం.

పేరు లేని ఎక్సెప్ట్ ఎందుకు పెట్టారో ఊహించడం కష్టం కాదు. ఎక్సెల్ ఫైలు చివర ఖాళీ వరుసలు వచ్చి ఉంటాయి, వాటి దగ్గర ఆగకుండా ఉండాలని పెట్టి ఉంటారు. ఖాళీ వరుసను దాటాలంటే ఖాళీ వరుసనే అడిగి దాటాలి. ఏ తప్పు వచ్చినా దాటెయ్ అని రాస్తే, వరుసలో రైతు డబ్బున్నా దాటేస్తుంది.

మార్పులు ఇవి. స్ప్లిట్ తీసేసి సీఎస్‌వీ మాడ్యూల్‌లోని డిక్ట్‌రీడర్ (కొటేషన్ లోపలి కామాను కదిలించకుండా, గడిని శీర్షిక పేరుతో ఇచ్చేది) పెట్టాం. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాశాం. వెంటనే 'తేదీ' అనే కీ లేదంటూ కీఎర్రర్ వచ్చింది. కళ్లకు శీర్షిక తేదీ అనే కనబడుతోంది. మొదట చెప్పిన బామ్ ఆ మాటకు ముందు అంటుకుని ఉంది. ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8-సిగ్‌గా మారిస్తే బామ్ ఉంటే తీసేస్తుంది, లేకపోతే మామూలుగా చదువుతుంది. గూగుల్ షీట్ ఫైలులో బామ్ ఉండదు, ఎక్సెల్ ఫైలులో ఉంటుంది, రెండింటికీ ఇదొక్కటే చాలు. రాసేటప్పుడు కూడా యూటీఎఫ్-8-సిగ్ ఇస్తేనే ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచినప్పుడు తెలుగు తెలుగులా కనబడుతుంది. రాసే ఓపెన్‌లో న్యూలైన్‌కు ఖాళీ స్ట్రింగ్ ఇవ్వడం మరిచిపోతే విండోస్‌లో వరుసకూ వరుసకూ మధ్య ఖాళీ వరుస వస్తుంది.

అంకెల కోసం ఒక చిన్న ఫంక్షన్ రాశాం. కామాలు, ఖాళీలు, రూపాయి గుర్తు తీసేసి మిగిలినదాన్ని దశాంశాలను ఉన్నదున్నట్టు దాచే డెసిమల్‌గా మారుస్తుంది. మారకపోతే ఎర్రర్‌ను మింగదు. ఫైలు పేరు, వరుస నంబరు, గడి పేరు, గడిలో ఉన్నది ఉన్నట్టుగా తిరస్కరణ ఫైలులో రాస్తుంది. ఫోన్‌లో తెలుగు అంకెలు పడితే ఏమవుతుందని గుమాస్తా అడిగాడు. పైథాన్ 3కి ౧౨ అని ఇచ్చినా 12గానే తీసుకుంటుంది, దానికి వేరే పని అక్కర్లేదు.

దీనికి తోడు ఒక హద్దు. ఆ కొట్టులో బస్తా 45 నుంచి 55 కిలోలు తూగేది. క్వింటాళ్లను వందతో గుణించి బస్తాలతో భాగిస్తే ఆ మధ్యలో రావాలి. 25 బస్తాలకు 12.40 క్వింటాళ్లంటే బస్తాకు 49.6 కిలోలు, సరే. చుక్క మరిచి 1240 అని కొడితే అది అంకెగా బాగానే చదువుతుంది, కానీ హద్దు దగ్గర దొరికిపోతుంది. గడి చదవగలిగినంత మాత్రాన అందులోది ఒప్పని కాదు కదా.

ఒక్క రూపాయి తేడా

స్క్రిప్టు చివరి మొత్తాన్ని రౌండ్ ఫంక్షన్‌తో రూపాయికి సరిచేస్తోంది. పైథాన్ 3లో రౌండ్, సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరి సరి సంఖ్యకు వెళ్తుంది. 2,462.50ను 2,462 చేస్తుంది. గుమాస్తా అర్ధరూపాయిని పైకి వేసి 2,463 రాస్తాడు. 2,463.50 వస్తే ఇద్దరూ 2,464 అంటారు. అందుకే తేడా కొందరికే, కొన్ని రోజులే. మండీ ఆనవాయితీ పైకి వేయడం కాబట్టి డెసిమల్‌లోని క్వాంటైజ్ వాడి, రౌండ్ హాఫ్ అప్ పద్ధతి ఇచ్చాం. డెసిమల్‌ను స్ట్రింగ్ నుంచే కట్టాలి. ఫ్లోట్ నుంచి కడితే 2.675 లోపల 2.67499999 అని ఉన్న సంగతి దాంతో పాటే వచ్చేస్తుంది, చేసిన పని వృథా.

పేర్ల గొడవ

వరుసలు 143కు చేరాయి. కాటా పుస్తకంతో క్వింటాళ్లు సరిపోయాయి. కానీ రైతుల సంఖ్య 122 వచ్చింది, చేతి లెక్క 118. నాలుగు ఎక్కువ. వరుసల దగ్గర పట్టిన పాఠం గుర్తుంది కాబట్టి ఇక్కడా నాలుగును నమ్మలేదు.

పేర్లను తెర మీద పక్కపక్కన పెట్టి చూస్తే 'సురేష్' రెండుసార్లు ఉంది. అక్షరం అక్షరం ఒకటే. పైథాన్‌లో రెండూ సమానమా అని అడిగితే కాదంటుంది. ఇలాంటప్పుడు ప్రింట్ చేసి చూడటం దండగ. కనబడని గుర్తులను కోడ్‌తో చూపే రెప్ర్ ఫంక్షన్ పెడితే ఒకదాని చివర యూ 200సీ అని బయటపడింది. అది జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లు తర్వాత వచ్చే అక్షరం వత్తుగా మారిపోకుండా ఆపడానికి తెలుగులో వాడతాం. ఫోన్ కీబోర్డు పొల్లుతో ముగిసే పేరు చివర కూడా దాన్ని వదిలింది. చివర్ల ఖాళీలు తీసే స్ట్రిప్ దాన్ని తీయదు, ఎందుకంటే అది ఖాళీల జాతి కాదు. ఈ కారణంతో ముగ్గురు రైతులు రెండేసి ఖాతాలయ్యారు.

నాలుగోది రెప్ర్‌కూ దొరకలేదు. 'వెంకటప్ప', 'వె౦కటప్ప'. ఈ వాక్యంలోనే రెండూ వేరు వేరుగా ఉన్నాయి, తేడా పట్టడం ఎవరి తరమూ కాదు. మొదటిదానిలో నిండుసున్న, రెండోదానిలో తెలుగు అంకె సున్నా. ఆస్కీ ఫంక్షన్‌తో చూస్తే ఒకటి 0సీ02, ఇంకొకటి 0సీ66. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నేమ్ ఫంక్షన్ వాటి పేర్లు కూడా చెప్పేస్తుంది. ఐదోది మామూలే: 'కె.సుబ్బారెడ్డి', 'కె. సుబ్బారెడ్డి'.

దీనికి కీ తయారు చేసే ఒక ఫంక్షన్ రాశాం. అది వరుసగా చేసేవి: ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్, అంటే ఐత్వం ఎత్వంగానూ కింది గుర్తుగానూ విడివిడిగా వచ్చినా ఒకటిగా కలపడం. తర్వాత 200సీ, 200డి (అలాంటిదే, జీరో విడ్త్ జాయినర్), బామ్ తీసేయడం. పేరులో అంకె సున్నా కనబడితే నిండుసున్న చేయడం. చుక్కలను ఖాళీగా మార్చి, స్ప్లిట్ చేసి మళ్లీ ఒకే ఖాళీతో జాయిన్ చేయడం. సున్నా మార్పును పేరుకు, ఊరికి మాత్రమే పరిమితం చేశాం. అంకెల గడుల్లో అదే నియమం పెడితే 5౦ కాస్తా అంకె కాకుండా పోతుంది.

ముఖ్యమైన నిర్ణయం ఇంకొకటి. శుభ్రం చేసిన రూపం కీగా మాత్రమే ఉంటుంది, జాబితాలో అచ్చయ్యేది రైతు పేరు మొదటిసారి కొట్టినట్టే. 'వెంకట్‌రెడ్డి'లో 200సీ తీసేస్తే 'వెంకట్రెడ్డి' అవుతుంది. పోల్చడానికి అది పనికొస్తుంది గానీ, రైతు చేతికి ఇచ్చే కాగితం మీద ఆయన పేరు ఆయన రాసుకున్నట్టు ఉండాలి.

ఐదు జంటలు కలిశాయి. 122 నుంచి ఐదు తగ్గి 117. చేతి లెక్క 118. ఒకటి తక్కువ! అంటే మొదటి నుంచీ ఐదు ఎక్కువ, ఒకటి తక్కువ కలిసి నాలుగుగా కనబడ్డాయి. ఆ ఒకటి ఒకే పేరున్న ఇద్దరు రైతులు, ఒకరిది గోనెగండ్ల, ఇంకొకరిది దేవనకొండ. కీలో పేరు ఒక్కటే ఉంది. పేరు, ఊరు కలిపి టపుల్‌గా కీ పెడితే 121 అయింది. ఈసారి ఊరి పేర్లు: 'సి.బెళగల్', 'సీ బెళగల్', ఉత్త 'బెళగల్'. వీటికి కోడ్‌తో తంటాలు పడకుండా రెండు షీట్లలోనూ ఊరి గడికి డ్రాప్‌డౌన్ పెట్టించాం. ఊళ్లు నలభై లోపే, రోజూ వచ్చేవే. ఆ రోజు ఫైలులోని ఊళ్లను ఆ జాబితా ప్రకారం దిద్దితే 118.

పనికిరాని దారి ఒకటి

'సుబ్బారెడ్డి', 'సుబ్బరెడ్డి' లాంటి దీర్ఘం తేడాలను కూడా స్క్రిప్టే కలిపేస్తే బాగుంటుందని డిఫ్‌లిబ్ మాడ్యూల్‌లోని దగ్గరి పోలికలు వెతికే గెట్ క్లోజ్ మ్యాచెస్ ప్రయత్నించాం. దాని మామూలు హద్దు 0.6. 'నాగన్న', 'నాగమ్మ' మధ్య పోలిక 0.67 వస్తుంది. ఆరేసి గుర్తుల్లో నాలుగు ఒకటే కాబట్టి. ఇద్దరూ ఒకరైపోయారు. హద్దును 0.9కి పెంచాం. సుబ్బారెడ్డి జంట 0.96, కలిసింది. కానీ 'కె. వెంకటసుబ్బారెడ్డి', 'టి. వెంకటసుబ్బారెడ్డి' కూడా 0.905తో కలిసిపోయారు. పేరు పొడవైన కొద్దీ ఇంటిపేరు అక్షరం బరువు తగ్గిపోతుంది, మన పేర్లలో మనిషిని వేరుచేసేదే ఆ ఒక్క అక్షరం. ఈ పని ఏ హద్దుతోనూ కుదరదని తేల్చి, కలిపే అధికారం దాని నుంచి తీసేశాం. ఇప్పుడది 0.85 పైన పోలిక ఉన్న జంటలను వేరే కాగితం మీద చూపిస్తుంది. ఒకరే అని గుమాస్తా చెబితే ఆ జంట మారుపేర్ల ఫైలులో చేరుతుంది, మర్నాటి నుంచి అడగదు. కాదంటే వేరు వేరని చేరుతుంది, అప్పుడూ అడగదు. మొదటి రోజు 14 జంటలు వచ్చాయి, వారం తిరిగేసరికి రోజుకు ఒకటో రెండో.

చేతి లెక్కతో పాటు వారం

కొత్త స్క్రిప్టును ఏడు రోజులు చేతి లెక్క పక్కనే నడిపించాం. మొదటి రోజే, సెప్టెంబరు 5న, ఎక్సెల్ ఫైలు మొత్తం తిరస్కరణలో పడింది, ఈ రోజు తేదీ కాదని. కొత్త కంప్యూటర్‌లో విండోస్ ప్రాంతం అమెరికాగా ఉంది. 05-09 అని కొడితే ఎక్సెల్ మే 9గా తీసుకుంది. 13వ తేదీ నుంచి నెల స్థానంలో ఆ అంకె చెల్లదు కాబట్టి గడి ఉత్త అక్షరాలుగా మిగిలి, చూడటానికి సరిగ్గానే ఉంటుంది. నెలలో మొదటి పన్నెండు రోజులే ఈ చిక్కు. ప్రాంతాన్ని ఇంగ్లీషు ఇండియాకు మార్చి, షీట్లలో తేదీని సంవత్సరం-నెల-రోజు వరుసలో పెట్టించి, డేట్‌టైమ్‌లో ఆ ఒక్క రూపమే ఒప్పుకునేలా చేశాం. రెండు మూడు రూపాలను వరుసగా ప్రయత్నించి ఏది కుదిరితే అది తీసుకునే కోడ్ రాయడం తేలిక, కానీ మే 9 లాంటివి అందులోంచే జారిపోతాయి.

నేర్చుకోదగ్గవి

ఇలాంటి స్క్రిప్టు చేతికి వస్తే మొదట వెతకాల్సిన మాటలు రెండు: పేరు లేని ఎక్సెప్ట్, ఇగ్నోర్. ఈ కేసులో ఆగిపోయిన ఎర్రర్ వల్ల ఎవరికీ నష్టం కాలేదు, ఒక గంట ఆలస్యమైంది. డబ్బు పోయింది మాట్లాడని చోట్ల.

మొత్తాల తేడాను పట్టుకుని వెతకకూడదు. 11 పోయి 1 చేరితే 10 కనబడుతుంది, 5 పెరిగి 1 తగ్గితే 4 కనబడుతుంది. ఒక్కో పట్టీ నంబరుకు, ఒక్కో పేరుకు జత ఉందో లేదో చూడాలి. షీట్‌లో పట్టీ నంబరు గడి లేకపోయుంటే ఈ కేసు ఇంత త్వరగా తేలేది కాదు.

దిద్దే క్రమం కూడా ముఖ్యం. ఎన్‌కోడింగ్ ముందు సరిచేయకుండా పేర్ల జోలికి వెళ్లుంటే రాము, రామ్ కలిసిపోయిన సంగతి పేర్ల తేడాల్లో కలిసి కనబడకుండా పోయేది. చదవడం, వరుసలు, అంకెలు, ఆ తర్వాతే పేర్లు. ఒక్కో మార్పు తర్వాత ఆ 146 పట్టీల రోజును మళ్లీ నడిపి అంకెలు రాసుకున్నాం. ఆ ఫోల్డర్ ఇప్పటికీ పరీక్ష కోసం అలాగే ఉంది.

ఒకే ఊళ్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు అక్షరం ఉన్న ఇద్దరు రైతులను ఈ కీ వేరు చేయలేదు. దానికి కోడ్‌లో మందు లేదు. రైతుకు కొట్టు తరఫున ఖాతా నంబరు ఇచ్చి పట్టీ మీద రాయడమే దారి. పాత ఖాతాదారులకు నంబర్లు ఇవ్వడం మొదలైంది, కొత్తగా వచ్చేవారికి కాటా దగ్గరే ఇస్తున్నారు. నంబరు ఉంటే కీ అదే, లేకపోతే పేరూ ఊరూ.

ఇప్పుడు సాయంత్రం స్క్రిప్టు నడిపితే మొదట మూడు అంకెలు వస్తాయి: చదివిన వరుసలు, లెక్కలో కలిపినవి, రద్దుతో సహా పక్కన పెట్టినవి. మొదటిది మిగతా రెండింటి మొత్తానికి సరిపోకపోతే స్క్రిప్టు అక్కడే ఆగుతుంది. తిరస్కరణ ఫైలులో ఒక్క వరుస ఉన్నా చెల్లింపు జాబితా తయారు కాదు. గుమాస్తా ఆ వరుస నంబరు చూసి, కాగితపు పట్టీ తీసి, షీట్‌లో దిద్ది మళ్లీ నడపాలి. రద్దీ రోజుల్లో రెండు మూడు వరుసలు పడుతున్నాయి. దిద్దడానికి పది నిమిషాలు చాలు, రైతులు టీ తాగి వచ్చేలోపు జాబితా అచ్చవుతోంది.